క్యాప్సూల్ వేసుకున్న 20 నిమిషాలకి చెవులు వేడి, మధ్యాహ్నానికి తల దిమ్ము: మందు పనిచేస్తున్నట్టేనా?

రీడింగ్‌రూమ్_రాజు | సోమవారం, రాత్రి 11:40

అందరికీ నమస్తే. నేను అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. వయసు 26. బీపీ, షుగర్ లాంటివేం లేవు. చదివింది చదివినట్టే జారిపోతోందని పోయిన మంగళవారం నుంచి ఒక మెమరీ క్యాప్సూల్ మొదలుపెట్టాను. ఆన్‌లైన్‌లో తెప్పించాను, విదేశీ సరుకు. పొద్దున్నే పరగడుపున రెండు వేసుకోవాలి.

వేసుకున్న ఇరవై నిమిషాలకి చెవులు వేడెక్కుతున్నాయి. నొసటి మీద, మాడు మీద సన్నగా దురద. అరగంటలో పోతుంది. అది పోయిందిలే అనుకునేలోపు మధ్యాహ్నం రెండు దాటాక ఇంకోటి మొదలు. నడినెత్తి మీద ఎవరో అరచెయ్యి పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. దీపాలు పెట్టే వేళ దాకా అంతే.

మా రూమ్మేట్ ఏమంటాడంటే, "కొత్తగా జిమ్‌కి వెళ్తే ఒళ్ళు నొప్పులు రావా? ఇదీ అంతే, మెదడుకి పని పడింది" అని. నిజమేనా? ఓపిక పట్టాలా, ఆపేయాలా? డబ్బాకి 2,400 పెట్టాను, అదొక ఏడుపు.

చిల్లరశీను | సోమవారం, రాత్రి 11:52

2,400 ఖర్చుపెడితే ఎవరికైనా తల వేడెక్కుతుంది తమ్ముడూ.

ఫోకస్_ఫణి | మంగళవారం, ఉదయం 12:15

రూమ్మేట్ చెప్పింది కరెక్టే బ్రో. నేను మూడేళ్ళుగా ఇలాంటివి వాడుతున్నాను. ఇవి అసిటైల్‌కోలిన్‌ని (మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనం) ఎక్కువ ఖర్చు చేయిస్తాయి, అది తయారవడానికి కావాల్సిన కోలిన్ అనే పోషకం స్టాకు శరీరంలో తగ్గుతుంది, అందుకే తల బరువు. పొద్దున రెండు గుడ్లు తిను, పచ్చసొనతో సహా. ఒక్కో గుడ్డులో 140 మిల్లీగ్రాముల పైనే కోలిన్ ఉంటుంది. మూడు రోజుల్లో సెట్. ఆ ఒత్తిడి మంచి సూచనే, ఆపకు.

మోతాదు | మంగళవారం, ఉదయం 7:05

ఫణి గారూ, ఆగండి. లేబుల్ చూడకుండానే లోటు ఏదో తేల్చేశారు. (నేను ఫార్మకాలజీ పీజీ చేస్తున్నాను. డాక్టర్ చీటీ రాసినట్టు మాత్రం ఇక్కడ రాయను.)

రాజు గారూ, మీ రూమ్మేట్ పోలిక విషయం ముందు తేల్చేద్దాం. కండరానికి నొప్పి తెలుస్తుంది. మెదడు కణజాలానికి తెలియదు, అందులో నొప్పిని పసిగట్టే నరాల కొసలు లేవు. గుంటూరులో పేషెంటు మెలకువగా ఉండగానే సినిమా చూపిస్తూ మెదడు ఆపరేషన్ చేశారని పేపర్లలో వచ్చింది కదా, అలా చేయగలిగేది అందుకే. మనకి తలలో తెలిసే నొప్పి, బిగుతు, పోటు అన్నీ మెదడు పైపొరల నుంచో, రక్తనాళాల నుంచో, నెత్తి చర్మం నుంచో, మెడ, కణతల కండరాల నుంచో వచ్చేవే. కాబట్టి "మెదడు పనిచేస్తున్నట్టు తెలుస్తోంది" అనేది జరిగే పని కాదు.

లేబుల్ వెనక వైపు ఉన్నది ఉన్నట్టు టైప్ చేయండి. అంకెలతో సహా.

పార్శ్వపునొప్పి_టీచర్ | మంగళవారం, ఉదయం 8:20

లేబుల్‌తో పాటు ఇంకోటి కూడా చెప్పు బాబూ. నాకు పదిహేనేళ్ళుగా పార్శ్వపు నొప్పి. మొదట్లో డాక్టర్ దగ్గరికి వెళ్ళి "తలనొప్పి" అని కూర్చునేదాన్ని, ఆయన మాత్ర రాసి పంపేవారు. ఒకసారి ఒక పెద్దావిడ, న్యూరాలజిస్టు, పెన్ను పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఎలా చెప్తారో అలా చెప్పండి" అన్నారు. అప్పుడు నోరు తెరిచాను. ఎడమ కణత కొట్టుకుంటుంది, వెలుతురు చూస్తే కంట్లో గుచ్చుతుంది, వంగితే ఎక్కువవుతుంది, వాంతి అయ్యాక తేలిక పడుతుంది. అయిదు నిమిషాల్లో సంగతి తేలిపోయింది.

మన భాషలో దీనికి మాటలు తక్కువా? తల పోటు వేరు, దిమ్ము వేరు. తాడు కట్టి బిగించినట్టు ఉండేది ఒకటి, చీమలు పాకినట్టు ఉండేది ఒకటి. జివ్వుమనడం, గుయ్యిమనడం, తూలడం, నరం గుంజడం ఒకటి కాదు కదా. నువ్వు రాసినదాంట్లోనే రెండు సంగతులున్నాయి. పొద్దుటి వేడీ మధ్యాహ్నపు నొక్కుడూ ఒక తల్లి పిల్లల్లా నాకు కనిపించడం లేదు. విడివిడిగా రాయి.

కండలవీరుడు_కడప | మంగళవారం, ఉదయం 9:10

చీమల సంగతి నేను చెప్తా. జిమ్‌కి ముందు తాగే పొడిలో బీటా అలనిన్ ఉంటుంది. తాగిన పావుగంటకి నెత్తి మీద, చెవుల వెనక, పెదాల చుట్టూ చీమల పుట్ట కదిలినట్టే. మొదటిసారి భయపడి తల కడుక్కున్నా. గంటలో పోయింది. ఒక స్కూపుకి బదులు సగం సగం రెండుసార్లు తాగితే అసలు రాలేదు. నీ డబ్బాలో అదేమన్నా ఉందేమో చూడు.

రీడింగ్‌రూమ్_రాజు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

లేబుల్ ఇదిగో. రెండు క్యాప్సూల్స్‌కి కలిపి: బ్రాహ్మీ సారం 300 మి.గ్రా., గింకో బిలోబా 120, ఎల్-థియనిన్ 200, నియాసిన్ 50, బీ6 10 మి.గ్రా. తర్వాత "ఫోకస్ బ్లెండ్ 350 మి.గ్రా." అని ఉంది, అందులో ఆల్ఫా జీపీసీ, టైరోసిన్, రోడియోలా. వాటికి విడివిడిగా అంకెలు లేవు. బీటా అలనిన్ లేదు. కెఫీన్ కూడా లేదు.

టీచర్ గారూ, మీరన్నాక గమనించి రాస్తున్నాను. పొద్దుటిది వేడి, దురద, కొంచెం చిటపట. అద్దంలో చూసుకుంటే చెవులు ఎర్రగా ఉన్నాయి, చెంపదెబ్బ తిన్నట్టు. మధ్యాహ్నానిది వేడి కాదు. దిమ్ము, బరువు, తల చుట్టూ తువ్వాలు తడిపి గట్టిగా కట్టినట్టు. కొట్టుకోవడం లేదు. వాంతి లేదు. కానీ పుస్తకంలో ఒకే లైను నాలుగుసార్లు చదువుతున్నాను, ఆవలింతలు ఒకటే.

మోతాదు | మంగళవారం, మధ్యాహ్నం 2:45

పొద్దుటి చిక్కు దాదాపు విడిపోయింది. నియాసిన్.

బీ3 విటమిన్‌కి రెండు రూపాలున్నాయి. లేబుల్ మీద ఉత్త "నియాసిన్" అని రాస్తే చాలాసార్లు అది నికోటినిక్ ఆమ్లం. రెండోది నియాసినమైడ్. పెద్దవాళ్ళకి రోజుకి కావాల్సింది పదిహేను మిల్లీగ్రాముల చుట్టుపక్కలే. నికోటినిక్ ఆమ్లం 30 నుంచి 50 దాటితే చర్మంలోని కొన్ని కణాలు ప్రోస్టాగ్లాండిన్ డీ2 అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో చర్మం కింది సన్న రక్తనాళాలు తెరుచుకుంటాయి. ముఖం, చెవులు, మెడ, నెత్తి ఎర్రబడి వేడెక్కి దురద పెడతాయి. పరగడుపున అయితే ఇంకా గట్టిగా తెలుస్తుంది. నియాసినమైడ్‌కి ఈ గోల లేదు.

అంటే మీకు వేడెక్కింది చర్మం. అది జ్ఞాపకశక్తి కాదు. ఇలాంటి డబ్బాల్లో దీన్ని ఎందుకు కలుపుతారో నాకు అనుమానం ఉంది. వేసుకోగానే ఏదో ఒకటి తెలిస్తే కొన్నవాడికి నమ్మకం కుదురుతుంది కదా. నా అనుమానం మాత్రమే.

ఒక జాగ్రత్త. ఎర్రబడడంతో ఆగకుండా దద్దుర్లు లేచినా, పెదాలు వాచినా, ఊపిరి ఆడకపోయినా అది నియాసిన్ పని కాదు, అలర్జీ. అప్పుడు ఇక్కడ పోస్టు పెట్టకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

ఇక మధ్యాహ్నానిది. ఆ మంగళవారం క్యాప్సూల్ మొదలుపెట్టడం కాకుండా ఇంకేం మారింది? నిద్ర, తిండి, కళ్ళజోడు, టీ కాఫీలు, రూమ్, ఏదైనా.

ఫోకస్_ఫణి | మంగళవారం, మధ్యాహ్నం 3:20

మోతాదు గారూ, కోలిన్ సంగతి అంత తేలిగ్గా కొట్టేయకండి. పిరాసిటమ్ (జ్ఞాపకశక్తి కోసం వాడే మందు) వాడేవాళ్ళందరికీ తెలిసిన విషయమే అది. 1964లో బెల్జియంలో జుర్జియా దాన్ని తయారు చేశాడు, 1972లో "నూట్రోపిక్" (తెలివి, జ్ఞాపకం పెంచేది) అనే మాట పుట్టించిందీ ఆయనే. అప్పటి నుంచీ ఉన్న అనుభవం.

మోతాదు | మంగళవారం, సాయంత్రం 4:00

చరిత్ర కరెక్టే. కోలిన్ మాట ఎక్కువగా వెళ్ళి తేలేది 1981 నాటి ఒక ప్రయోగం దగ్గర. ముసలి ఎలుకలకి పిరాసిటమ్, కోలిన్ కలిపి ఇస్తే విడివిడిగా ఇచ్చినదానికన్నా జ్ఞాపకం మెరుగ్గా ఉందని. అది ఎలుకల జ్ఞాపకం గురించి, మనుషుల తలనొప్పి గురించి కాదు. మిగతాది నోటి మాట మీద పెరిగింది. పైగా రాజు గారి డబ్బాలో పిరాసిటమ్ లేదు, ఆల్ఫా జీపీసీ ఉంది. అది కోలిన్ ఇచ్చేదే, దానికే కొందరికి తలనొప్పి వస్తుంది. లోటని ఇంకా పోస్తే ఎలా?

గుడ్లు తినండి, తప్పేం లేదు. బ్రేక్‌ఫాస్ట్ మానేసేవాళ్ళకి అదే సగం మందు.

రీడింగ్‌రూమ్_రాజు | మంగళవారం, సాయంత్రం 6:10

మారింది అంటే... టీ మానేశాను. డబ్బాతో వచ్చిన కాగితంలో "ఇక టీ కాఫీల అవసరం లేదు" అని ఉంది. ఎలాగూ మంచిదే కదా అని అదే రోజు బంద్ పెట్టాను.

ముందు రోజుకి ఆరు టీలు పడేవి, కింద కొట్లో, చిన్న గ్లాసులు. రాత్రి పదకొండింటికి ఒక స్ట్రాంగ్ కాఫీ. చివరి కాఫీ సోమవారం రాత్రి. మంగళవారం మధ్యాహ్నం మొదలైంది. బుధవారం ఘోరం, అసలు పుస్తకం ముట్టలేదు. శుక్రవారం నుంచి కొంచెం నయం.

రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

చిల్లరశీను | మంగళవారం, సాయంత్రం 6:14

దొంగ దొరికాడు. గ్లాసుతో సహా.

మోతాదు | మంగళవారం, రాత్రి 8:30

ఇందులో నవ్వడానికేం లేదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

మెదడులో అడినోసిన్ అని ఒకటుంటుంది. రోజంతా పేరుకుని "ఇక చాలు, పడుకో" అని చెప్పేది అదే. టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ వెళ్ళి దాని కుర్చీలో కూర్చుంటుంది. రోజూ కూర్చుంటుంటే ఒళ్ళు ఊరుకోదు, కుర్చీల సంఖ్య పెంచుతుంది. ఒక్కసారిగా కెఫీన్ మానేస్తే ఆ కుర్చీలన్నిట్లో అడినోసిన్ కూర్చుంటుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, తల దిమ్ము, ఆవలింతలు, ఏకాగ్రత సున్నా. మానేసిన 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, రెండో రోజు అటూ ఇటూగా ఎక్కువవుతుంది, రెండు నుంచి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. మీ సోమవారం రాత్రి, మంగళవారం మధ్యాహ్నం, బుధవారం లెక్క దీనికి అతికినట్టు సరిపోయింది. రోజుకి 100 మిల్లీగ్రాముల కెఫీన్ తాగేవాళ్ళకే ఇది రావచ్చు. ఆరు టీలూ ఒక కాఫీ అంటే మీరు అంతకి రెండు మూడింతలు ఉంటారు.

తేల్చుకోవాలంటే రెండు పనులు చేయండి. క్యాప్సూల్ పూర్తిగా పక్కన పెట్టండి. రేపు మధ్యాహ్నం దిమ్ము మొదలవగానే ఒక్క టీ తాగండి. ముప్పావుగంటలో విడిపోతే దాదాపు అదే. తర్వాత టీలు రోజుకొకటి చొప్పున తగ్గించుకోండి, ఒకేసారి కాదు. నొప్పి మాత్రలు రోజూ మింగకండి, నెలలో పది పదిహేను రోజులు మించి వాడుతూ పోతే ఆ మాత్రల వల్లే తలనొప్పి పట్టుకుంటుంది.

రెండోషిఫ్టు | మంగళవారం, రాత్రి 11:55

గచ్చిబౌలి నైట్ షిఫ్ట్ నుంచి. మా ఫ్లోర్‌లో రెండేళ్ళ కింద మోడాఫినిల్ (నిద్ర రాకుండా ఆపే మందు) తిరిగింది, చాక్లెట్లు పంచినట్టు. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా ఇవ్వకూడదు, అయినా ఎక్కడినుంచో వచ్చేది. నేనూ నాలుగు వారాలు వేసుకున్నాను. నిద్ర రాలేదు, నిజమే. తెల్లారగట్ల నాలుగింటికి మాత్రం రెండు కణతల మధ్య శీల దిగ్గొట్టినట్టు ఉండేది.

నేనూ అదేదో మెదడు శ్రమ అనుకున్నా. తర్వాత చూసుకుంటే షిఫ్ట్ మొత్తంలో నీళ్ళు అర బాటిల్. టిఫిన్ బాక్స్ తెరవలేదు. ఆకలి చంపేస్తుంది అది, దాహం గుర్తుండదు. అంతటితో అయిపోలేదు, ఆ మందుకే తలనొప్పి మామూలట. కంపెనీ కాగితంలోనే ఉంది, మందు వేసుకున్నవాళ్ళలో 34 శాతానికి, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళలో 23 శాతానికి వచ్చిందని. రెండో అంకె చూశారా? ఏమీ లేని మాత్ర మింగినా నలుగురిలో ఒకరికి దగ్గరగా తల నొప్పి పుట్టింది!

గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్ళకి ఇది వాటి పనితనం తగ్గిస్తుంది. మా టీమ్‌లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. అందుకే చెప్తున్నా.

ప్లేనో_బాబాయ్ | బుధవారం, ఉదయం 6:40

ఇక్కడ టెక్సాస్ నుంచి. గింకో (ఓ చెట్టు ఆకుల సారం) గురించి ఒక్క మాట. మా నాన్నగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు షాపులో ఆ డబ్బా చూసి ముచ్చటపడ్డారు, మతిమరుపుకి మంచిదట కదా అని. ఆయన గుండెకి రక్తం పలచబడే మందు వాడతారు. ఫార్మసిస్టు అమ్మాయి డబ్బా చేతిలోంచి తీసుకుని అల్మారాలో పెట్టేసింది. గింకో కూడా రక్తం గడ్డకట్టడాన్ని కొంత తగ్గిస్తుంది, రెండూ కలిస్తే రక్తస్రావం భయం. ఆస్ప్రిన్ వాడేవాళ్ళూ చూసుకోవాలి.

మతిమరుపు సంగతీ చెప్తా. అమెరికాలో మూడు వేల మందికి పైగా పెద్దవాళ్ళకి గింకో 120 మి.గ్రా. చొప్పున రోజుకి రెండుసార్లు ఏళ్ళ తరబడి ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా తగ్గలేదు. నాన్నగారికి చెప్తే, "మరి ఆ బొమ్మ అంత అందంగా ఎందుకేశాడ్రా" అన్నారు.

నీటిసాంబ్రాణి | బుధవారం, ఉదయం 10:05

బ్రాహ్మీ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. మా పెరట్లో రెండూ ఉన్నాయి. గుండ్రటి ఆకు, అంచున నొక్కులు, నేల మీద పాకేది సరస్వతి ఆకు. చిన్న చిన్న మందపాటి ఆకులు, తడి నేలలో పెరిగి తెల్లటి పూలు పూసేది నీటి సాంబ్రాణి. జనం రెంటినీ బ్రాహ్మీ అనే అంటారు. మీ లేబుల్ మీద బకోపా అని ఉంటే అది రెండోది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఏళ్ళ తరబడి పనిచేసింది దీని మీదే.

ఇది తలకన్నా పొట్టని ఎక్కువ కదిలిస్తుంది. పరగడుపున వేసుకుంటే వికారం, కడుపులో మెలిక, రెండుసార్లు ఎక్కువ వెళ్ళడం. అన్నం తిన్నాక వేసుకోవాలి. పరిశోధనల్లో పన్నెండు వారాలు ఇచ్చి చూస్తారు. ఇరవై నిమిషాల్లో బ్రాహ్మీ పనిచేస్తోందని ఎవరైనా అంటే నేను నమ్మను.

పార్శ్వపునొప్పి_టీచర్ | బుధవారం, రాత్రి 9:00

అందరూ తలనొప్పిని తేలిగ్గా మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఒకటి రాసి పెడతాను. నెత్తిన పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో పతాక స్థాయికి పోయే నొప్పి, జ్వరంతో పాటు మెడ వంగకపోవడం, మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, చూపు రెండుగా కనబడటం. వీటిలో ఏది వచ్చినా టీ తాగి చూద్దాం అనుకోవద్దు, రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి కూడా ఊరికే వదలొద్దు. మా తోటి మాస్టారు ఒకాయన ఎసిడిటీ వల్ల అనుకుని రెండు రోజులు ఊరుకున్నారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు.

రీడింగ్‌రూమ్_రాజు | ఆదివారం, ఉదయం 9:30

అప్‌డేట్. చిన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

బుధవారం క్యాప్సూల్ ఆపాను. చెవుల వేడి ఆ రోజు నుంచే లేదు. మధ్యాహ్నం 2:20కి దిమ్ము మొదలైంది, ముందటంత లేదు. కిందకి దిగి ఒక టీ తాగాను. 3:05కి చూసుకుంటే తల తేలిక, తువ్వాలు విప్పేసినట్టు. గురువారం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, మధ్యలో ఏమీ లేదు. శుక్రవారం, శనివారం కూడా రెండు టీలే. బాగుంది. శనివారం పొద్దున అనుమానం తీరక ఒక్క క్యాప్సూల్ వేసుకున్నాను, ఈసారి రెండు ఇడ్లీ తిన్నాక. చెవులు కొంచెం గోరువెచ్చన, అంతే.

రూమ్మేట్‌కి చెప్తే, "మరి నీకు గుర్తుండటం సంగతి?" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ తొమ్మిది రోజుల్లో చదివింది చాలా తక్కువ. ఏం గుర్తుందో కొలవడానికి ఏం లేదు.

ఫోకస్_ఫణి | ఆదివారం, ఉదయం 10:10

సరే, ఇందులో నేను తప్పు. నా సొంత డబ్బా లేబుల్ ఇప్పుడే చూశాను. నియాసిన్ 40. మూడేళ్ళుగా "కిక్" అనుకుంటున్నది ఇదా! 😐

మోతాదు | ఆదివారం, ఉదయం 11:25

ఫణి గారూ, ఒప్పుకున్నందుకు రెండు గుడ్లు నా తరఫున.

రాజు గారూ, నోట్‌బుక్ బాగుంది. క్యాప్సూల్ ఇంక ముట్టకండి, "బ్లెండ్" అని అంకెలు దాచిన డబ్బాని ఎవరికీ ఇవ్వకండి కూడా. కావాలంటే మందుల దుష్ఫలితాలు నమోదు చేసే ప్రభుత్వ విభాగానికి ఫోన్ చేసి చెప్పొచ్చు, 1800-180-3024, టోల్ ఫ్రీ. ఇంకేమన్నా మిగిలిందా?

రీడింగ్‌రూమ్_రాజు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

ఒకటి మిగిలింది. మొదట రాయలేదు, చిన్నదే అని. కుడి చెవి వెనకనుంచి నెత్తి మీదకి అప్పుడప్పుడూ జివ్వుమంటుంది, కరెంటు తీగ తగిలినట్టు, రెండు సెకన్లు. తల పక్కకి తిప్పినప్పుడు. క్యాప్సూల్‌కి ముందు కూడా ఉండేది, నెలకోసారి. ఇప్పుడు వారానికి రెండుసార్లు. టీ తాగినా, తాగకపోయినా.

మోతాదు | ఆదివారం, మధ్యాహ్నం 1:05

అది వేరే. మెడ దగ్గర నరం ఒత్తుకుంటే అలా జివ్వుమనొచ్చు, ఇక్కడ కూర్చుని నేను తేల్చలేను. మెడ ఎవరికైనా చేత్తో పట్టి చూపించాలి. ఎలా కూర్చుని చదువుతారు?

రీడింగ్‌రూమ్_రాజు | ఆదివారం, మధ్యాహ్నం 1:12

మంచం మీద. గోడకి ఆనుకుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని. పది గంటలు. ప్రిలిమ్స్ అయ్యాక చూపించుకుంటాను.

పార్శ్వపునొప్పి_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

ప్రిలిమ్స్ అయ్యాక కాదు, రేపే. డబ్బాకి 2,400 పెట్టినవాడివి డాక్టర్ ఫీజుకి వెనకాడకు. రాత్రికి ఓపీ టోకెన్ నంబర్ ఇక్కడ రాయి, నేను చూస్తాను.

రీడింగ్‌రూమ్_రాజు | సోమవారం, ఉదయం 9:45

టోకెన్ 31, టీచర్ గారూ. ఇప్పుడు 12 నడుస్తోంది. పక్కనే టీ కొట్టు ఉంది, ఇంకా వెళ్ళలేదు.